ఎదగొద్దనుకున్న పిల్ల

ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పబోయే కొత్త టీచర్లకు ముందే ఒక మాట చెప్పి పెడతాను. ఏప్రిల్‌లో మీరు సెలవులకు పంపిన టీం జూన్‌లో మీకు తిరిగి రాదు. పేర్లు అవే ఉంటాయి, జడలు అవే ఉంటాయి, అల్లరి ఇంకాస్త పెరిగి ఉంటుంది. కాళ్లు మాత్రం వేరే. మొన్నటిదాకా మీ భుజం దాటని పిల్ల మిమ్మల్ని పైనుంచి చూసి "నమస్తే మేడం" అంటుంది. మీరు కూడా నమస్తే చెప్పి, ఎవరిని ముందు ఆడించాలి, ఎవరిని వెనక ఆడించాలి అని మళ్లీ మొదటినుంచి లెక్క వేసుకోవాలి. ట్రైనింగ్ కాలేజీలో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో. ఆ వయసులో విజిల్ గట్టిగా ఊదడమే పెద్ద విద్య అనుకునేదాన్ని.

నేను ఎక్కువ కాలం పనిచేసింది బోధన్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో. చక్కెర ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది. ఒకప్పుడు చెరుకు బండ్లు వరసకట్టి ఆగిన ఖాళీ జాగా మా బడి వెనకాల ఉండేది. అదే మా గ్రౌండు. వాన పడిందంటే పాత బండిజాడలన్నీ బురదలో మళ్లీ తేలేవి, బంతి వాటిలో పడి తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోయేది. మా పిల్లలు ఎక్కడ ఏ గుంత ఉందో కళ్లు మూసుకుని చెప్పేవారు. బయటి ఊరి టీములు మా దగ్గర ఆడడానికి వచ్చి తిట్టుకుంటూ పోయేవి.

నాకు తోడు ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఫ్యాక్టరీ టీంలో ఆడిన మనిషి. సాయంత్రం కాగానే సైకిల్ వేసుకుని వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. గ్రౌండు గీత పక్కన నిలబడి ఉర్దూలో సగం, తెలుగులో సగం తిట్లు తిడుతూ ఆట నేర్పేవాడు. పిల్లలు ఆయన్ని చాచా అనేవారు. ఆయనకు నా ఆట మీద నమ్మకం లేదు, నాకు ఆయన నోటి మీద నమ్మకం లేదు. అయినా ఆయన రాని సాయంత్రం నాకు ఏదో వెలితిగా ఉండేది.

ఇక ఆ పిల్ల సంగతి. ఏడో తరగతిలో టీంలోకి వచ్చింది. తండ్రికి కాస్త భూమి ఉంది, పసుపు, వరి వేసేవాడు. తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. టీం మొత్తంలో ఈమే చిన్నది. జెర్సీ వేస్తే మోకాళ్ల దాకా వచ్చేది. కానీ బంతి దొరికిందంటే ఎడమ గీత వెంట ఉరికేది చూడండి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక పక్కకు ఒరిగి! బంతి కూడా ఆమెతో కలిసి ఆడుకోవడానికే వచ్చినట్టు కాలి దగ్గరే ఉండేది. తనకన్నా పెద్ద పిల్లల మధ్యలోనుంచి ఎలా దూరిపోయేదో వాళ్లకూ తెలిసేది కాదు. ఆమె ఉరకడం మొదలుపెడితే చాచా తిట్లు ఆగిపోయేవి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా కళ్లకు అంత సంతోషం ఇచ్చింది ఇంకొకటి లేదు. ఇప్పటికీ సాయంత్రం అయిదు దాటితే మనసు ఆ గీత దగ్గరికే పోతుంది.

టీంలో చేర్చుకోవడానికి తండ్రిని అడగడానికి పోయినప్పుడు ఆయన పసుపు కొమ్ములు ఆరబోస్తున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆడుకోనీ మేడం. పెద్దమనిషి అయ్యేదాక ఆడుకోనీ. ఆడికెల్లి బంద్."

కోపంగా అనలేదు. నాట్లు ఎప్పుడు వేస్తారో చెప్పినంత మామూలుగా అన్నాడు. నేనూ సంతోషంగా సరేనన్నాను. ఇంత చిన్న పిల్లకు ఆ రోజు రావడానికి ఇంకా ఎన్నేళ్లో అనుకున్నాను. నిజానికి మా టీంలో చాలా ఇళ్లలో ఇదే ఒప్పందం. అడిగి పెట్టుకున్న ఒప్పందం కూడా కాదు, అందరికీ తెలిసిన సంగతి.

ఎనిమిదో తరగతి మొదట్లో ఆ పిల్ల గ్రౌండుకు వచ్చినప్పుడు ముందు నాకు కనబడింది ఆమె పాదాలు. పోయిన ఏటి బూట్లలోకి పోవడం లేదు. ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లు, నడుము పైభాగం ఆ తర్వాత. ఇది గుర్తుపెట్టుకోండి, పిల్లల బూట్లు బిగుతయ్యాయంటే రాబోయేది ఏమిటో మీకు ముందే తెలిసినట్టు. వానాకాలం సగమయ్యేసరికి ఆమె నాకన్నా పొడుగయింది. ఇక బంతికీ ఆమెకూ పడేది కాదు. కాలు వేసేలోపు బంతి ముందుకు పోయేది, లేదా వెనకే ఉండిపోయేది. తన కాళ్లకు తానే తట్టుకుని పడేది. మోకాలి చిప్ప కింద నొప్పి అని గీత పక్కన కూర్చుని రుద్దుకునేది. ఎముక తొందరపడుతుంది, కండ వెనకబడుతుంది, మనసు ఇంకా పోయిన ఏటి కాలితోనే దూరం కొలుస్తూ ఉంటుంది. కొన్నాళ్లకు అన్నీ ఒకదారికి వస్తాయి. ఆ కొన్నాళ్లు గెంతులు తగ్గించి, నెమ్మదిగా బంతితో ఉంచడమే మనం చేయగలిగింది. చాచాకు ఇంత ఓపిక ఎక్కడిది?

"అరే, గీ కాల్లు ఎవలియి తెచ్చుకున్నవే పోరి?" అని అరిచాడు ఒకరోజు.

"నాయే చాచా. గని నా మాట ఇంటలేవు," అంది బురదలోనుంచి లేస్తూ.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అదే వానాకాలం టీం మొత్తానికి ఏదో అయింది. సగం ఆట దాటితే అందరూ నీరసపడిపోయేవారు. చాచా ఎండ అన్నాడు, నేను జ్వరాలు అన్నాను. ఒక మధ్యాహ్నం బడిలో వంట చేసే ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, మీ ఆటపిల్లలు గుడ్లు ఎందుకు తింటలేరు? అన్నీ మొగపోరగాల్ల పళ్లాలల్ల ఏస్తున్నరు."

శ్రావణమాసం కదా అన్నాను. మా వైపు శ్రావణంలో చాలా ఇళ్లలో నీసు ముట్టరు. ఆమె కూడా అదే అనుకుందట. శ్రావణం పోయింది, వినాయకుడూ నీళ్లలోకి పోయాడు. గుడ్లు మాత్రం ఇంకా మగపిల్లల పళ్లాల్లోకే పోతున్నాయి. అప్పుడు టీం మొత్తాన్ని చెట్టు కింద కూర్చోబెట్టి గట్టిగా అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసకిసలాడారు. గోల్ దగ్గర నిలబడే పిల్లకు రహస్యం దాచడం చేతకాదు.

"గుడ్డు తింటె జల్ది పెద్దమనుషులైతరంట మేడం. జిల్లా మ్యాచులు అయ్యేదాక ఎవ్వలం గావద్దని ఒట్టేసుకున్నం."

నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. టీం అన్నాక ఇలాంటి కట్టుబాటు ఉండాలి అనుకున్నాను. నవ్వుతూ నవ్వుతూ ఆ పిల్ల వైపు చూసి ఆగిపోయాను. ఆమె నవ్వడం లేదు. ఒట్టు ఆమె వేయించింది. గుడ్డు ఒక్కటే కాదు, నువ్వులు మానేసింది, బెల్లం మానేసింది, వాళ్ల నానమ్మ పెట్టే ఎండుకొబ్బరి కుడకలు మానేసింది. రాత్రి అన్నం సగానికి తగ్గించింది.

"తక్కువ తింటె తక్కువ పెరుగుత గద మేడం," అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. బడికి ఆకలితో వచ్చిన పిల్లలను చూశాను. ఆడుకోవడానికి ఆకలిని తెచ్చిపెట్టుకున్న పిల్లను అదే మొదటిసారి చూడడం. పైగా తిండి బాగా తగ్గితే పెద్దమనిషి అయ్యే రోజు వెనక్కి జరగొచ్చని నాకు తెలుసు. దాంతోపాటు ఎముకలో బలం, ఒంట్లో రక్తం కూడా పోతాయనీ తెలుసు. ఆమె లెక్క పూర్తిగా తప్పు కాదు కాబట్టే నాకు భయం వేసింది.

నేను గుడ్డు ముట్టని ఇంట్లో పుట్టాను. అయినా ఆ మధ్యాహ్నం పిల్లల మధ్య కూర్చుని ఒక గుడ్డు ఒలుచుకుని ఉప్పు అద్దుకుని తిన్నాను. మింగడానికి పడిన తిప్పలు నాకే తెలుసు. "నేను పెద్దమనిషినయ్యి మస్తు ఏండ్లాయె, నాకేం భయం?" అన్నాను. పిల్లలు పడిపడి నవ్వి తలా ఒకటి తీసుకున్నారు. ఆ పిల్ల తీసుకోలేదు.

"తినకపోయినా పెరుగుతవ్ బిడ్డ. గాకపోతె బలం లేకుంట పెరుగుతవ్," అన్నాను.

"మరి నా ఆట ఎట్ల మేడం?"

"మీ బాపుతోని నేను మాట్లాడుత. నువ్వు తిను."

గుడ్డు తీసుకుని, ఒలిచి, రెండు ముక్కలు చేసింది. తర్వాత తిన్నది. ఆ క్షణం నుంచి ఆమె ఆట నా మెడకు చుట్టుకుంది.

వాళ్లింటికి పోయాను. తండ్రి "అప్పటి ముచ్చట అప్పుడు సూద్దాం మేడం" అని చాయ్ తాగించి పంపాడు. తల్లి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది. మా మాటల్లో ఒక్కటి కూడా వినకుండా వదల్లేదు.

జిల్లా మ్యాచుల రోజు పొద్దున్నే బోధన్‌లో నిజామాబాద్ బస్సెక్కాం. చాచా ముందు సీట్లో కూర్చుని డ్రైవర్‌కు కూడా బండి ఎలా నడపాలో నేర్పుతున్నాడు. ఊరు దాటాక ఆ పిల్ల వెనకనుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. చెవిలో చెప్పింది. నేను బ్యాగులోనుంచి కావలసింది తీసి ఆమె చేతిలో పెట్టాను. మా పిల్లల కోసం అవి ఎప్పుడూ ఉంచుకునేదాన్ని, మీరూ ఉంచుకోండి.

"ఇంట్ల జెప్తరా మేడం?" అంది.

చెప్పాలి. మా వైపు ఆ కబురు తెలిసిన గడియనుంచే పిల్లను విడిగా కూర్చోబెట్టాలి, మేనమామకు కబురు పోవాలి. తల్లికి చెప్పకుండా ఆడించి, రేపు తెలిస్తే ఆ ఊళ్లో ఏ తల్లీ నన్ను నమ్మి పిల్లను పంపదు. చెబితే ఆమె ఆట ఈ బస్సులోనే అయిపోతుంది. పిల్ల చూస్తుండగానే తల్లికి ఫోన్ చేశాను. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. అవతల బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఆగింది. ఊపిరి వినిపిస్తోంది. తర్వాత మళ్లీ కత్తెర చప్పుడు.

"మేడం, గీ సెల్లు సక్కగ ఇనొస్తలేదు. ఏమన్నుంటే మాపటీలి ఇంటికొచ్చి చెప్పున్రి," అని పెట్టేసింది.

నాకైతే ఆమె మాట గుడిగంటలా వినిపించింది.

"ఏమన్నది మేడం?"

"మాపటికి ఇంటికొచ్చి చెప్పుమన్నది. పో, బూట్లు సరిగ్గా కట్టుకో."

ఆ రోజు ఆ పిల్ల గొప్పగా ఆడి కప్పు తెచ్చిందని రాయాలని నాకూ ఉంది. పడింది, లేచింది, మళ్లీ పడింది. ఖాళీ గోల్ ముందు బంతి దొరికితే ఆకాశంలోకి కొట్టింది. రెండో సగంలో ఒక్కసారి ఎడమ గీత వెంట బయల్దేరింది. నాలుక పళ్ల మధ్యకు వచ్చింది, ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. నేను లేచి నిలబడ్డాను. చాచా తిట్టు సగంలో ఆగింది. నాలుగడుగులు పోయిందో లేదో, ఆ పొడుగు కాళ్లు ఒకదాన్నొకటి తట్టుకున్నాయి. మేం ఓడిపోయాం. చాచా ఎవరినీ ఒక్క మాట అనకుండా అందరికీ మిర్చిబజ్జీలు కొనిపెట్టాడు. పిల్లలకు అది చూసి ఇంకా దుఃఖం వచ్చింది.

ఆమె బజ్జీ ముట్టలేదు. "గిదే ఆఖరు మ్యాచా మేడం?" అని అడిగింది. నాకు తెలియదు అన్నాను.

సాయంత్రం ఇంటికి పోయి చెప్పాను. తల్లి అప్పుడే మొదటిసారి విన్నట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంత బాగా నటించే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పిల్లను కూర్చోబెట్టారు, ఆనక ఫంక్షన్ చేశారు. వాకిట్లో టెంటు, మైకు, మేనమామ తెచ్చిన పట్టు లంగాఓణీ. పూలజడ బరువుకు ఆమె మెడ వంగిపోయింది. నేను అక్షింతలు వేస్తుంటే తల ఎత్తి చూసింది, అంతే. పిల్ల ఇప్పటినుంచే ఎదుగుతుందని వచ్చినవాళ్లంతా దీవిస్తున్నారు. నిజానికి పొడుగు ఎదగడం చాలామటుకు అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ సంగతి అక్కడ ఎవరితో అనాలి?

భోజనాల దగ్గర తండ్రిని పట్టుకున్నాను.

"మాటంటె మాటనే మేడం. మీరు సుత ఒప్పుకున్నరు గద," అన్నాడు. "ఎదిగిన పిల్ల పొద్దుగూకినంక గా రోడ్డు మీద లారీల నడుమ సైకిల్ తొక్కుకుంట వస్తె నాకు నిద్ర పడుతదా?"

ఆయన భయాన్ని తీసిపారేయలేకపోయాను. పోయి విస్తరాకు ముందు కూర్చున్నాను. తల్లి పప్పు వడ్డిస్తూ నా దగ్గర ఆగి, మొగుడికి వినబడేలా అంది.

"పొద్దుగూకినంక బంద్ అన్నడు మేడం. పగటీలి బడి బంద్ అనలే."

ఆయన ఏదో అనబోయి, చుట్టాలు చూస్తున్నారని ఊరుకున్నాడు.

సోమవారంనుంచి మా ప్రాక్టీసు సాయంత్రంనుంచి పగటికి మారింది. లెక్కల సారు తన క్లాసు పోతోందని నాతో మాట్లాడడం మానేశాడు. హెడ్‌మాస్టర్ తలపట్టుకున్నాడు, కానీ వద్దనలేదు. చాచా మిట్టమధ్యాహ్నం సైకిల్‌కు గొడుగు కట్టుకుని వచ్చి సూర్యుణ్ని కూడా తిట్టాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ పిల్ల కుదురుకోవడం మొదలుపెట్టింది. పడడం తగ్గింది. బంతి మెల్లగా కాలి దగ్గర ఆగుతోంది. ఒకరోజు దూరంనుంచి వచ్చిన బంతిని ఆ పొడుగు కాలు ఇంత చాపి మెత్తగా ఆపింది. అది చిన్నప్పుడు ఆమెకు చేతనయ్యేది కాదు. తానే ఆశ్చర్యపోయి నా వైపు చూసింది.

జూన్‌లో నాకు సిరికొండ వైపు బదిలీ అయింది.

మన ఉద్యోగంలో ఇదే నాకు తీరని కొరత. ఇంకా పూర్తికాని పిల్లలనే మన చేతిలో పెడతారు. పూర్తయ్యే సమయానికి వాళ్లు వెళ్లిపోతారు, లేదా మనం వెళ్లిపోతాం. సిరికొండలో అడవిగుట్టల కింద గ్రౌండు చక్కగా ఉండేది, పిల్లలూ మంచివాళ్లే. అయినా బంతి ఎడమ గీత మీదికి పోయినప్పుడల్లా ఎవరికోసమో చూసేదాన్ని. ఆ పిల్ల కాలేజీకి నిజామాబాద్ పోయిందని, అక్కడ ఆడుతోందని వాళ్లూ వీళ్లూ చెప్పేవారు. నాకు రిటైర్‌మెంట్ అయింది. చాచా పోయాడు. ఆయన చివరి రోజుల్లో పోయి కలిస్తే, మంచం మీదనుంచి ఆమె సంగతే అడిగాడు.

పోయిన చలికాలం ఫోన్ వచ్చింది. "ఆదివారం నిజామాబాద్‌ల మాది ఆట ఉన్నది మేడం, రాండ్రి," అంది. గొంతు గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. ఆదివారం మోకాళ్లకు పట్టీలు వేసుకుని బస్సెక్కాను. నేను పోయేసరికి ఆట మొదలైంది. మెట్ల మీద కూర్చుని చూశాను. వెనక డిఫెన్స్‌లో ఒక పొడుగు పిల్ల తొందర లేకుండా నిలబడి, ముందువాళ్లను అరుపులతో నడిపిస్తోంది. ఎవరు బంతి తెచ్చినా చెట్టుమీది కాయ తెంపినంత తేలికగా తీసుకుంటోంది. భలే ఆడుతోంది అనుకున్నాను. ఆ అరుపుల్లో ఫోన్‌లో విన్న గొంతు పోల్చుకున్నాక, ఆమే అని చివరికి తెలిసింది. తెలిశాక కూడా సరిగ్గా చూశానని చెప్పలేను.

ఆట అయ్యాక పరుగెత్తుకుంటూ వచ్చి నా కాళ్లకు మొక్కింది. పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటూ అడిగింది.

"ఎట్ల ఆడిన మేడం?"

"మస్తు ఆడినవ్ బిడ్డ."

"మీరు నన్ను యాడ సూసిండ్రు? నేను గమనిస్తనే ఉన్న. ఆటంత మీరు గా ఎడమ గీత దిక్కే సూస్తున్నరు."

సిగ్గనిపించింది. ఇంత ఎదిగి ఎదురుగా నిలబడిన మనిషిని పెట్టుకుని నేను ఎవరికోసం చూశాను? ఏదో చెప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నేను సుత గంతే మేడం," అంది. "బాల్ కాలికి రాంగనే ముందుగాల గా దిక్కే సూస్త. గా పిల్ల ఉర్కుతున్నదేమో, అందియ్యాలె అని."